నాసాకు నాలుగు కిలోలు ఎక్కువ

మా అమ్మాయి నాసాకు ఎంపికైంది. ఈ మాట రాస్తుంటే నాకే చెయ్యి వణికింది కాబట్టి, ముందు ఎంపిక విధానం చెప్పేస్తాను. స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలందరికీ ఒక కాగితం ఇచ్చారు. మొదటి వాయిదా కట్టినవాళ్లు ఎంపికయ్యారు. కట్టనివాళ్లు కాలేదు. ఇంత పారదర్శకమైన పోటీ పరీక్ష దేశంలో మరొకటి ఉండదు. పేపర్ లీకయ్యే బెడదే లేదు. కబురు తెలియగానే కావలిలో మా మామగారు వీధి మొగలో ఫ్లెక్సీ కట్టించారు. అందులో అమ్మాయి ఫొటో కన్నా ఆయన ఫొటో కాస్త పెద్దది.

యాత్ర పది రోజులు, దసరా సెలవుల్లో. ఫ్లోరిడాలో కెనడీ స్పేస్ సెంటర్ సందర్శకుల కేంద్రానికి ఒకటిన్నర రోజు. అక్కడ వచ్చిన విజ్ఞానం ఒంటికి పట్టడానికి మిగతా రోజులు థీమ్ పార్కులు. ఆ సందర్శకుల కేంద్రంలోకి టికెట్ కొన్న ఎవరైనా వెళ్లొచ్చు. ఫ్లెక్సీలో చోటు చాలక ఆ సంగతి రాయించలేదు.

మేముండేది చెన్నైలో, పశ్చిమ మాంబళంలో. ఇక్కడి నుంచి శ్రీహరికోట సుమారు వంద కిలోమీటర్లు. సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ స్టేషన్లో లోకల్ ఎక్కితే సూళ్లూరుపేటలో దిగొచ్చు. తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన, పాపం లోకజ్ఞానం లేనివాడు, లేచి నిలబడి, "ముందు పిల్లల్ని శ్రీహరికోట తీసుకెళ్తే బాగుంటుందేమోనండీ. రాకెట్ లేచేది చూడ్డానికి గ్యాలరీ కట్టారు. ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకుంటే చాలు, ఉచితం" అన్నాడు. ఉచితం అన్న మాట చెవిన పడగానే హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆయన భార్య చీర కొంగు సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది. మర్నాటి నుంచి వాట్సాప్ గ్రూపులో వాళ్లింటి తరఫున ఆవిడ ఒక్కతే ఉంది.

అలా విజ్ఞానం పని ఒక్క సమావేశంలో తేలిపోయింది. ఇక సన్నాహాలు మొదలయ్యాయి.

మొదటి గండం పేరు. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాడులో ఇంటిపేర్ల గొడవ లేదు, తండ్రి పేరులోని పొడి అక్షరం చాలు. ఎల్‌కేజీలో చేర్చుకున్న టీచరమ్మ ఈ ఊరి పద్ధతిలో నా పేరులోని అక్షరం తగిలించింది. ఆధార్ వాళ్లు మా ఇంటిపేరులోని అక్షరం తగిలించారు. పాస్‌పోర్టు తీసుకున్ననాడు నేను ఈ రెండిటి మధ్యా రాజీ కుదురుద్దామని ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశాను. ఇప్పుడు తెలిసిందేమిటంటే, ఆ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు చోటికి జరిగిపోతుంది. అసలు పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో రాసి, చెవిలో ముమ్మారు చెప్పిన పేరు తెలియదట! మా అత్తగారు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

దాంతో పాస్‌పోర్టు మళ్లీ తీసుకున్నాం. ఈ పిల్ల, ఆ పిల్ల ఒకతేనని ఒక అఫిడవిట్. ఈ పిల్లను టీచర్లతో పంపడానికి మాకు సమ్మతమేనని ఇంకొకటి. రెండిటికీ పారీస్ కార్నర్లో హైకోర్టు ఎదుట నోటరీ ముద్ర. ముద్ర వేసే పెద్దమనిషి కళ్లద్దాల పైనుంచి చూసి, "ఏ ఊరికి?" అని తెలుగులోనే అడిగాడు. నాసాకు అన్నాను. "అది ఏ జిల్లా?" అన్నాడు. చెన్నైలో ఇన్నేళ్లుగా నన్నెవరూ ఇంత సూటి ప్రశ్న అడగలేదు.

ఆ తర్వాత డీఎస్-160 అనే వీసా దరఖాస్తు. పిల్ల పక్కన కూర్చుని నింపాను. నువ్వు ఎప్పుడైనా ఉగ్రవాద చర్యల్లో పాల్గొన్నావా, గూఢచర్యం చేసే ఉద్దేశం ఉందా, జాతి సంహారానికి ఆజ్ఞాపించావా, బాల సైనికులను చేర్చుకున్నావా అని వరసగా అడుగుతుంది. అన్నిటికీ లేదు, లేదు, లేదు అని నొక్కుకుంటూ పోయాం. అయిదేళ్లుగా వాడిన సోషల్ మీడియా పేర్లు రాయమన్న చోట మాత్రం పిల్ల తటపటాయించింది. మొత్తం దరఖాస్తులో నాకు తెలియని సమాధానం అదొక్కటే. దాని పుణ్యమా అని మా ఇంట్లో జరిగిన విచారణ ముందు కాన్సులేట్ ఇంటర్వ్యూ ఒక లెక్కా?

ఇంటర్వ్యూ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వీసా అడిగే మనిషి అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే అమెరికా చట్టం మొదట అనుకుంటుంది. కాదని నమ్మించుకోవలసింది మనమే. ఇక్కడే తెలుగు తల్లిదండ్రులకు ధర్మసంకటం. ఉగ్గుపాలతో పాటు ఏం పోశాం? బాగా చదివితే అమెరికా, చదవకపోతే గేదెలు. ఇప్పుడు ఆ పిల్లనే ఎదురుగా కూర్చోబెట్టుకుని, "తిరిగి వస్తావా?" అని నేను ఆఫీసరులా అడగాలి. "తప్పకుండా వస్తాను, మా ఊరంటే నాకు ప్రాణం" అని అది చెప్పాలి. మొదటిసారి చెప్పినప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి, "అంత గట్టిగా చెప్పకే, తథాస్తు దేవతలుంటారు" అంది.

185 డాలర్ల వీసా రుసుము కట్టాం. వీసా రాకపోయినా అది తిరిగి రాదు కాబట్టి దైవబలం కూడా చూసుకున్నాం. చెన్నై విమానాశ్రయం దగ్గర పళవంతాంగల్లో వీసా గణపతి ఉన్నాడు, ఆయనకు కొబ్బరికాయ కొట్టాం. మా ఆవిడకు నమ్మకం చాల్లేదు. హైదరాబాదులో ఉన్న మరిదికి ఫోన్ చేసి, "బాబూ, చిలుకూరు వెళ్లి అమ్మాయి పేరున పదకొండు ప్రదక్షిణలు చెయ్యి" అంది. చేశాడు. వీసా వచ్చింది. కోరిక తీరితే నూట ఎనిమిది చెయ్యాలి. అవి పిల్ల చెయ్యాలా, మొక్కినావిడ చెయ్యాలా, తిరిగినవాడే పూర్తి చెయ్యాలా అనే విషయంలో రెండు ఇళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి.

ఇక సామాను. గ్రూపులో తల్లుల కమిటీ విడుదల చేసిన జాబితాలో మొదటి అంశం థర్మల్ బట్టలు రెండు జతలు, గ్లౌజులు, ఉన్ని సాక్సులు. ఫ్లోరిడాలో అక్టోబరు మొదట్లో పగలు ముప్ఫై డిగ్రీల దగ్గర ఉంటుంది, ఉక్కపోత, మీదుమిక్కిలి తుఫాన్ల కాలం. అచ్చం మన చెన్నై. ఆ మాటకొస్తే కెనడీ సెంటరుకూ శ్రీహరికోటకూ కవలల పోలిక. రెండూ తూర్పు తీరాలే. దీనికి ఒక పక్క సముద్రం, ఒక పక్క పులికాట్ సరస్సు. దానికీ ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పునీటి సరస్సు. దాని పేరు, నమ్మండి, ఇండియన్ రివర్! భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది గనక తూర్పుకు ఎగరేస్తే ఆ వేగం రాకెట్టుకు కలిసివస్తుంది, జారిపడిన ముక్కలు సముద్రంలో పడతాయి. భూమధ్యరేఖకు దగ్గరైనకొద్దీ ఆ లాభం పెరుగుతుంది. ఆ లెక్కన ఫ్లోరిడా కన్నా మన సూళ్లూరుపేట పక్క దీవే మేలు. ఇదంతా గ్రూపులో రాశాను. "థాంక్యూ సర్, మరి మంకీ క్యాప్ ఒకటా రెండా?" అని జవాబు వచ్చింది. డిసెంబరులో 21 డిగ్రీలకే చెవులు కప్పుకునే ఊరు మాది. వాళ్లను తప్పుపట్టలేను.

రెండో అంశం తిండి. పిల్లలకు అక్కడి తిండి పడదని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. పడుతుందో లేదో పిల్లల్ని ఎవరూ అడగలేదు. ఈ పిల్లలే శనివారం వస్తే పిజ్జా కోసం అన్నం మానేస్తారు, అది వేరే సంగతి. ఆరుగురికో జట్టు, జట్టుకో రైస్ కుక్కర్. మా వాటాకు కుక్కర్ వచ్చింది. కందిపొడి, చింతకాయ పచ్చడి, జంతికలు ఎవరివి వాళ్లవే. ఆవకాయలో నూనె ఉంది, చేతిసంచిలో పెట్టనివ్వరు. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు. కరివేపాకు అమెరికా గడప తొక్కనే కూడదు. అక్కడి నిమ్మజాతి చెట్లకు దానివల్ల తెగులు వస్తుందని భయం. కరివేపాకులా తీసిపారేశారని మనం అంటాం గానీ, దాని కోసం ఒక అగ్రరాజ్యం కాపలా కాస్తోందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

కుక్కర్ పట్టుకుని ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలుండే రిచీ స్ట్రీటుకు వెళ్లాను. దుకాణదారు ప్లగ్గు చూసి చప్పరించాడు. మనది 230 వోల్టులు, అమెరికాది 120. మన కుక్కర్ అక్కడ పెడితే వేడి నాలుగోవంతు కన్నా కాస్త ఎక్కువ వస్తుందంతే. "పిన్ను మార్చగలను సార్, వాళ్ల కరెంటును మార్చలేను" అన్నాడు. ఈ యాత్ర మొత్తంలో ఇంతవరకూ ఎవరికైనా భౌతికశాస్త్రం వంటబట్టిందంటే అది నాకే, రిచీ స్ట్రీటులో. విషయం కమిటీకి నివేదించాను. "నాలుగోవంతు వేడైతే నాలుగింతల సేపు పెడితే సరిపోతుంది కదండీ" అని కమిటీ తీర్పు చెప్పింది.

నాకు అర్థమైనంతవరకూ ఈ సన్నాహాల పరమార్థం ఒకటే. పిల్లకు చలి తగలకూడదు, ఎండ తగలకూడదు, ఆకలి తగలకూడదు. వీలైతే అమెరికా కూడా తగలకూడదు. మాంబళాన్ని మడతపెట్టి, ఇరవై మూడు కిలోల పెట్టెలో కుక్కి, పిల్ల చుట్టూ పరిచి, ఆ మాంబళంలోనే పది రోజులు కూర్చోబెట్టి వెనక్కి తెచ్చుకోవాలి. అందుకు నాలుగు లక్షల పైచిలుకు.

సామాను సర్దుడుకు ట్రయల్ కూడా ఉండాలన్నారు. రాకెట్టుకు ఉండదా మరి? జూలై 30 సాయంత్రం ముహూర్తం పెట్టుకున్నాం. పెట్టెను తూచాలంటే నేను దాన్ని ఎత్తుకుని తూకం మీద నిలబడాలి, వచ్చిన దాంట్లోంచి నా బరువు తీసెయ్యాలి. ఎత్తుకున్నాను. ముల్లు ఊగుతోంది. మా ఆవిడ కింద కూర్చుని అంకెలు చదవడానికి కళ్లద్దాలు వెతుక్కుంటోంది.

సరిగ్గా అప్పుడే పిల్ల మేడ మీంచి కేకేసింది. "నాన్నా, తొందరగా రా! శ్రీహరికోటలో నైసార్ లేస్తోంది!" ఆ రోజు 5:40కి. నైసార్ అంటే నాసా, ఇస్రో కలిసి చేసిన ఉపగ్రహం. ఒక రాడార్ వాళ్లది, ఒకటి మనది. బరువు దాదాపు 2,400 కిలోలు. మేము ఫ్లోరిడాకు వెతుక్కుంటూ వెళ్తున్న ఆ నాసా, పెట్టే బేడా సర్దుకుని మా సూళ్లూరుపేటకే వచ్చింది.

"కదలకండి, తూకం తప్పుతుంది" అంది మా ఆవిడ.

కదల్లేదు. నూట అయిదు. నా డెబ్భై ఎనిమిది తీసేస్తే ఇరవై ఏడు.

పిల్ల మెట్లు దిగి వచ్చింది. "నాన్నా, అయిపోయింది" అంది.

"ఇంకా ఎక్కడమ్మా, నాలుగు కిలోలు తియ్యాలి" అన్నాను.