స్కాన్‌కు ముందే కత్తెర పట్టాల్సిన కన్ను

బైకు మీద నుంచి పడి చెంప ఎముక విరిగిన మనిషి క్యాజువాలిటీకి వస్తాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయి ఉంటుంది. ముందు తలకు సీటీ తీయిస్తారు, ఆ తర్వాత కంటి డాక్టరు ఉన్న పెద్దాసుపత్రికి రిఫర్ చేస్తారు. మామూలు దెబ్బకు ఈ వరస సరిపోతుంది. కనుగుడ్డు వెనక రక్తం చేరిన మనిషికి మాత్రం చూపు పోయేది ఈ వరసలోనే. అతనికి ముందు డ్యూటీ డాక్టరే కంటి బయటి కొసను కత్తిరించి లోపలి ఒత్తిడి వదిలించాలి.

కనుగుడ్డు ఉండే ఎముక గూడులో పట్టేది దాదాపు 30 మిల్లీలీటర్లే. ముందువైపు రెప్పలను లిగమెంట్లు ఎముకకు బిగించి ఉంచుతాయి. వెనక రక్తం కారితే గుడ్డు కాస్త ముందుకు జరుగుతుంది, లిగమెంట్లు బిగుసుకున్నాక అదీ ఆగిపోతుంది. ఇక పెరిగేదంతా ఒత్తిడే. కంటి నరానికి, రెటీనాకు రక్తం అందదు. గంటన్నర నుంచి రెండు గంటలు దాటితే పోయిన చూపు తిరిగి రావడం కష్టం. జిల్లా ఆసుపత్రి నుంచి హైదరాబాద్‌కో విశాఖకో అంబులెన్సు చేరేలోపు ఆ గడువు అయిపోతుంది.

గుర్తుపట్టడానికి స్కాన్ అక్కర్లేదు. వాచిన రెప్పను గుడ్డు మీద నొక్కకుండా, ఎముక అంచుకు వేలు ఆనించి తెరవాలి. గుడ్డు ముందుకు పొడుచుకొచ్చిందా, అటూఇటూ తిరుగుతోందా, వేళ్లు లెక్కపెట్టగలుగుతున్నాడా అన్నవి చూడాలి. స్పృహ లేని మనిషిలో టార్చే ఆధారం: మంచి కంటి మీది వెలుగును దెబ్బతిన్న కంటికి మార్చినప్పుడు ఆ కనుపాప ముడుచుకోవాల్సింది పోయి విప్పారితే నరం నలుగుతున్నట్టే. మామూలుగా 10-21 (పాదరసం మిల్లీమీటర్లు) ఉండే కంటి ఒత్తిడి 40 దాటితే ఇక ఆలోచించకుండా కత్తెర పట్టాలి. ఒత్తిడి కొలవడానికి, పడుకున్న మనిషికి పాత షియోట్జ్ పరికరమైనా చాలు. ఒకటే జాగ్రత్త: కనుపాప కన్నీటి బొట్టులా సాగినా, గుడ్డు మెత్తబడినా అది పగిలిన కన్ను. ఒత్తిడి కొలవకూడదు, నొక్కకూడదు. గట్టి షీల్డ్ పెట్టి పంపాలి.

తల పైకెత్తి ఉంచడం, కంటి ఒత్తిడి తగ్గించే మందులైన అసిటజోలమైడ్ 500 మిల్లీగ్రాములు, కిలోకు 1 గ్రాము చొప్పున మానిటాల్ (బీపీ పడిపోయిన మనిషికి వద్దు): ఇవన్నీ కత్తెర ఉన్న ట్రే తెరిచేలోపు చేసే పనులు. మందులు పనిచేస్తాయేమో చూద్దామని కూర్చోవడం కూడా ఆలస్యమే.

కంటి బయటి కొసలో అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ (తిమ్మిరెక్కించే మందు) 1-2 మిల్లీలీటర్లు, సూది మొన గుడ్డుకు ఎడంగా ఉండేలా ఎక్కించాలి. ఆ కొసను మస్కిటో ఫోర్సెప్స్ అనే చిన్న పట్టకారుతో ఒక నిమిషం నొక్కి పట్టి, నలిగిన గీత వెంట సుమారు సెంటీమీటరు పొడవున, ఎముక అంచు దాకా కత్తిరించాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు తప్పు అదే. చర్మం తెగితే ఒత్తిడి పెద్దగా తగ్గదు. కింది రెప్పను ముందుకు లాగి, కత్తెర మొనను గుడ్డుకు దూరంగా, కిందికీ వెనక్కీ తిప్పి తడిమితే బిగించిన తీగలా ఒకటి తగులుతుంది. ఆ కింది లిగమెంటును తెంచాలి. తెగిందనడానికి గుర్తు, రెప్ప పట్టు పూర్తిగా వదిలి గుడ్డు నుంచి విడిపోయి వేలాడడం. ఇంకా పట్టుగా ఉంటే పూర్తిగా తెగలేదనే అర్థం, మళ్లీ వెతకాలి. రెప్ప వదులైనా ఒత్తిడి 40 పైనే ఉంటే పై లిగమెంటు కూడా.

ముఖం మీద గాటు పెట్టాలంటే డ్యూటీ డాక్టరుకు భయం సహజమే. కానీ ఆ గాటును కొన్నాళ్లాగి సరిచేయొచ్చు, ఒక్కోసారి కుట్టకపోయినా మానుతుంది. చచ్చిన రెటీనాకు ఆ వీలు లేదు. కావాల్సిన సామాను కూడా మస్కిటో ఫోర్సెప్స్, పళ్ల ఫోర్సెప్స్, మొన మొద్దుగా ఉండే కత్తెర, లిగ్నోకైన్. గాయాలు కుట్టే ఏ ట్రేలోనైనా ఉండేవే.

సీటీ, రిఫరల్ ఆ తర్వాత. కంటికి బిగుతు కట్టు కట్టకూడదు. చీటీలో దెబ్బ తగిలిన టైము, గాటు పెట్టిన టైము, ముందూ తర్వాతా చూపెంత, ఒత్తిడెంత అన్నవి తప్పనిసరిగా రాయాలి. అవతల అందుకునే కంటి డాక్టరుకైనా, రేపు ఎంఎల్‌సీ (పోలీసు, కోర్టు వ్యవహారమయ్యే కేసు) ఫైలు తిరగేసే వారికైనా ముందు కావాల్సినవి అవే.