మహారాజశ్రీ సాకుగారికి బహిరంగ లేఖ

అయ్యా,

1805లో లండన్ మిషనరీలు క్రాన్, డిగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి సువార్తలను తెలుగులోకి తేవడానికి పూనుకున్న నాటి నుండి ఈ ఊరిలో ఎన్నో సంఘాలు వెలిశాయి, కొన్ని చీలిపోయాయి కూడా. ఏ సంఘం చీలినా తమరు రెండు వైపులా సభ్యులుగా కొనసాగడం మాత్రం మెచ్చుకోదగ్గ విషయం.

తమరి వంశం ప్రాచీనమైనది. ఏదెను తోటలో ఆదాము తన భార్యనూ, ఆమెను ఇచ్చిన దేవుణ్ణీ ఒకే వాక్యంలో ముద్దాయిలను చేసినప్పుడు ఆ మాట అందించింది తమరే. అయినా నా దృష్టిలో తమరి పనితనమంతా అహరోనులోనే కనబడుతుంది. నిర్గమకాండం 32వ అధ్యాయంలో జనం పూజించడానికి స్వయంగా పోగరతో, అంటే చెక్కే ఉలితో, బంగారు దూడకు రూపు దిద్దిన ఆ పెద్దాయన, తమ్ముడు మోషే నిలదీసేసరికి, బంగారాన్ని నిప్పులో వేస్తే ఈ దూడ వచ్చిందని జవాబిచ్చాడు. ఇంత ధైర్యం మన కాంట్రాక్టర్లకు కూడా ఇంకా అబ్బలేదు.

రాస్ హిల్ మీద కతోలికులు పాపసంకీర్తనం చేసేటప్పుడు గురువు ఎదుట ఘోరపాపాలను విడివిడిగా చెప్పుకోవాలి గనుక అక్కడ తమరికి కొంత శ్రమ తప్పదు. మా ప్రొటెస్టెంటు ఆరాధనల్లో నేరుగా దేవునితోనే చెప్పుకుంటాం గనుక, నిజానికి ఏమీ చెప్పకుండానే లేచి వచ్చేస్తాం. మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభు సంస్కారానికి ముందు పాస్టరుగారు ఎవరిని వారు పరీక్షించుకోమని ఒక నిమిషం ఇస్తారు. గంజి పెట్టిన తెల్లచొక్కా నలగకుండా మోకరించిన ఒక పెద్దమనిషి, "తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు తండ్రీ" అంటారు. మధురవాడ ఫ్లాటుకు పత్రంలో రాసిన ధర ఒకటి, చేతులు మారిన సొమ్ము మరొకటి. ఖాళీ చేసి వెళ్లిన అద్దెదారుడి అడ్వాన్సులో, గోడకు బ్రష్షైనా తగలకుండానే, రంగుల ఖర్చు కోత పడింది. ఇవి నోటిదాకా వచ్చేలోపు తమరు చెవి దగ్గర చేరి, "లోకంలో అందరూ చేసేదేగా" అంటారు. అంతలో నిమిషం అయిపోతుంది. ఇక సంఘం ముందు తమ మారుమనస్సు గురించి చెప్పుకునే సాక్ష్యాల సంగతి సరేసరి: బాప్తిస్మానికి ముందు చేసినవన్నీ ఘోరపాపాలు, తరువాతివన్నీ "బలహీనతలు".

తమరికి చుక్కెదురైన సందర్భాలూ లేకపోలేదు. సౌలు రాజు మాత్రం, దేవుడు నాశనం చేయమన్న గొర్రెలను మిగిల్చిన విషయంలో ప్రజలను ముందుకు తోసి, పాపం ఒప్పుకున్నాక కూడా పెద్దల ముందు తన పరువు కాపాడమని సమూయేలు ప్రవక్తను బతిమాలాడు. పరుని భార్య బత్షెబతో తప్పు చేసి, ఆమె భర్తను యుద్ధంలో చంపించిన దావీదు రాజు అలా చేయలేదు. నాతాను ప్రవక్త వేలెత్తి చూపగానే బత్షెబను గానీ యుద్ధాన్ని గానీ అడ్డం పెట్టుకోకుండా పాపం చేశానన్నాడు. యెషయా ప్రవక్త సింహాసనాసీనుడైన ప్రభువును చూడగానే మొదట తన పెదవుల అపవిత్రతను ఒప్పుకున్నాడు. జనం పెదవుల మాట ఆ తరువాతే వచ్చింది. ఆ పరిశుద్ధుని సన్నిధిలో తమరికి కుర్చీ వేసేవారు ఎవరూ లేరు.

కాబట్టి వచ్చే సంస్కార ఆదివారం ఆ ఒక్క నిమిషం తమరు బీచ్ రోడ్డులో షికారు చేసి రావలసిందిగా ప్రార్థన. ఆ కాస్త వ్యవధిలో సదరు పెద్దమనిషికి, యేసును కలిశాక మారిన సుంకరి జక్కయ్య గుర్తుకు రావచ్చు. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు గానీ, నాకు అసలు ముట్టినా చాలు. నా ఫోన్ నంబరు మారలేదు.

ఇట్లు,
పై వాటా ఖాళీ చేసిన విశ్వాసి