అనుభవం లేదంటారు, మరి రానిచ్చిందెవరు?

కాలేజీ పరిపాలనలో ఇన్నేళ్లు పనిచేశాక ఒక మాట గట్టిగా చెప్పగలను. ఆడవాళ్ల మీద పని పెట్టడానికి ఎవరూ వెనకాడరు, పదవి ఇవ్వాల్సి వచ్చినప్పుడే అందరికీ "అనుభవం" గుర్తొస్తుంది.

అడ్మిషన్ల టెన్షన్ మాది, టైమ్ టేబుల్ మాది, ఏడుస్తూ వచ్చిన స్టూడెంట్ పక్కన గంటసేపు కూర్చోవడం మాది, తనిఖీ బృందం వస్తుందంటే రాత్రి దాకా ఫైళ్లు సర్ది రిపోర్టులు రాసేదీ మేమే. బడ్జెట్, కొనుగోళ్లు, భవనాల కమిటీల్లో మాత్రం ఎప్పుడూ ఆ నలుగురు మగవాళ్లే. ప్రిన్సిపాల్ పోస్టు ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "ఆర్థిక వ్యవహారాలు చూశారా?" అని. బడ్జెట్ కమిటీలో వేయమని అంతకుముందే మూడుసార్లు రాసిచ్చాను. "మీరు పిల్లలతో బాగా మాట్లాడతారు మేడమ్, మీరు అక్కడుంటేనే బాగుంటుంది" అన్నారు. అది మెచ్చుకోలు కాదని, దారి మూసేయడమని నాకు ఆ ఇంటర్వ్యూ గదిలో అర్థమైంది.

రెండో ప్రశ్న, రాత్రిపూట గొడవ జరిగితే ఇల్లు వదిలి రాగలరా అని. బయట కూర్చున్న మగ అభ్యర్థికీ చిన్నపిల్లలున్నారు, ఆయన్ని మాత్రం అడగలేదు.

సమర్థత లేకే ఆడవాళ్లు పెద్ద పదవుల్లోకి రావడం లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. హంసా మెహతా 1949లోనే బరోడా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1920లో యూనివర్సిటీ అయిన అలీగఢ్‌కి తొలి మహిళా వైస్ ఛాన్సలర్‌గా నైమా ఖాతూన్ వచ్చింది 2024లో. 1636లో పుట్టిన హార్వర్డ్ 2007లో డ్రూ ఫౌస్ట్ వచ్చేదాకా ఒక్క మహిళా అధ్యక్షురాలిని చూడలేదు. ఇన్నేళ్లూ అర్హత ఉన్న ఆడవాళ్లే లేరంటే ఎలా నమ్మాలి?

ఇంకోటి, ఇన్‌ఛార్జి బాధ్యతలు. జీతాలు ఆగిపోయి, స్టూడెంట్లు ధర్నాలో ఉన్నప్పుడు "మీరైతే సర్దిచెప్పగలరు" అని కుర్చీ ఇస్తారు, అంతా చల్లబడ్డాక రెగ్యులర్ పోస్టులోకి వేరొకరు వస్తారు. సంస్థ కష్టాల్లో ఉన్నప్పుడే ఆడవాళ్లను ముందుకు తోయడానికి మిషెల్ రయాన్, అలెక్స్ హాస్లమ్ అనే పరిశోధకులు 2005లోనే "గ్లాస్ క్లిఫ్" అని పేరు పెట్టారు. అంటే ఇది నా ఒక్కదాని బాధ కాదు.

మొన్న కొత్తగా చేరిన అమ్మాయిని మళ్లీ కల్చరల్ కమిటీలోనే వేశారు. కొనుగోళ్ల కమిటీలో ఆమె పేరు చేర్చమని నేను రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఇంకా జవాబు రాలేదు, సోమవారం మళ్లీ వెళ్లి అడుగుతాను.