గ్రూపులో పెట్టాం కదమ్మా!

మాది చీపురుపల్లి పక్క పల్లె. మొన్న పొద్దున్నే టిఫిను కూడా తినకుండా బస్సెక్కి, వానలో తడుస్తూ విజయనగరం వస్తే కాలేజీ గేటుకి తాళం! వాన వల్ల సెలవట. ఆఫీసుకి ఫోన్ చేస్తే "గ్రూపులో పెట్టాం కదమ్మా" అన్నారు. ఏ గ్రూపులో సార్? మాకున్నవి నాలుగు. మూడింట్లో అడ్మిన్లే మాట్లాడాలి, మనం బొమ్మల్లా చూస్తుండాలి.

పోనీ నోటీసు బోర్డు చూద్దామంటే, దాని అద్దం తాళంచెవి ఎవరి దగ్గరుందో దేవుడికే తెలియాలి. లోపల ఎప్పటిదో ఆటల పోటీల కాగితం పసుపెక్కిపోయి వేలాడుతోంది. పరీక్ష ఫీజు ఆఖరి తేదీని మాత్రం అద్దం మీద అన్నం మెతుకులతో అంటించారు. గాలికి ఊడిపోయింది. అపరాధ రుసుం మాత్రం ఊడలేదు, నేనే కట్టాను.

ఫిర్యాదు చేద్దామా? విద్యార్థుల ఫిర్యాదులకి కమిటీ ఉండాలని, 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలని యూజీసీ 2023 నిబంధనల్లోనే ఉంది. మా కమిటీ పేర్లు ఫ్రేము కట్టి గోడకి తగిలించారు. అందులో ఇద్దరు రిటైరైపోయారు.

కౌన్సెలింగ్ గదీ ఉందండోయ్, నిండా విరిగిన బెంచీలు. మనసు బాగోకపోతే టెలిమానస్ 14416కి ఫోన్ చేయొచ్చని నాకు చెప్పింది మా ఊరి ఆశా అక్క, కాలేజీ కాదు.

సిరిమానోత్సవానికి సెలవుందా అని నిన్న అడిగాను.

"గ్రూపు చూస్తుండమ్మా."