మంద కాడ ఎవరున్నరు?

అచ్చంపేటల మా మామకు ఒక టాకీసున్నది. ఆయన సినిమాలు చూడడు. బొమ్మ పడ్డంక గేటు కాడ కుర్చీ ఏసుకోని కూసుంటడు. ఇంటర్వెల్‌ల ఎన్ని సమోసలు పోయినయో క్యాంటీన్ పిలగాన్ని అడిగి, సినిమా ఎన్ని దినాలు ఆడుతదో చెప్పేస్తడు. ఫస్టాఫ్ బాగుంటే జనం సమోసలు తింటరట, బాగలేకుంటే బండి తాళంచెయ్యి ఎతుక్కుంటరట. టీవీల కూసోని చెప్పే పండితుల కంటె ఈ సమోస లెక్కనే ఎక్కువసార్లు నిజమైంది.

గని ఈ మధ్య సమోసలు తినేటోళ్ళే కరువైన్రు. 2024 మే నెలల జనం వస్తలేరని తెలంగాణ మొత్తం సింగిల్ స్క్రీన్లు పది దినాలు బంద్ పెట్టిన్రు కద, అప్పుడు మామ సుత గేటుకు బోర్డు కట్టిండు. వారం దాక ఎవ్వరూ అటు తిరిగి చూడలే. అటెన్క ఒకాయన వచ్చి, "ఫంక్షన్ హాలు చేస్తున్నరంట గద, లగ్గానికి కిరాయెంత?" అని అడిగిండు. ఆ రాత్రి మామ అన్నం తినలే.

మామ కొడుకు, అంటె మా బామ్మర్ది, హైదరాబాదుల సినిమా చదువు చదువుతుండు. పండుగకు ఇంటికొస్తె తండ్రీకొడుకులకు రొట్టెల కాన్నే పంచాయితి. ఈ తాప పంచాయితి ఏందంటె, ఇద్దరు మొగపిలగాండ్లు ప్రేమించుకునే కథను పెద్ద హీరోలతోటి, పెద్ద బడ్జెట్ల తెలుగుల తీస్తె ఆడుతదా, ఆడదా అని.

"ఆడదు," అన్నడు మామ. "'ఏ' సెంటర్ల, అంటె పట్నంల, ఒక వారం. 'బి' సెంటర్ల ఒక ఆట. మన కాడ పోస్టరు సుత ఆడదు."

"నాయినా, 2018 సెప్టెంబర్ 6 నాడు సుప్రీంకోర్టే చెప్పింది, అది నేరం కాదని."

"నేరం కాదని చెప్పింది బిడ్డా. టికెటు కొనుమని చెప్పలే."

బామ్మర్ది తగ్గలే. అమెరికాల 2005 డిసెంబర్ల 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్' అని ఒక సినిమా వచ్చిందట. మొదాల ఐదంటె ఐదే టాకీసుల వేసిన్రట. తొలి వారాంతమే ఒక్కో టాకీసుకు లక్ష డాలర్ల పైన వచ్చినయట. పెట్టింది 1 కోటి 40 లక్షల డాలర్లు, ప్రపంచమంత కలిపి వచ్చింది 17 కోట్ల పైన. మీదికెళ్ళి మూడు ఆస్కార్లు. ఉటా రాష్ట్రంల ఒక టాకీసోళ్ళు మాత్రం ఆట వేస్తమని చెప్పి ఆఖరుకు తీసేసిన్రట.

మామకు ఆ డాలర్లు ఏవీ చెవికెక్కలే. "ఆ ఉటా ఆయనది ఏ ఊరు?" అని మాత్రం అడిగిండు, సుట్టం లెక్క.

నేను నడుమ కూసోని పచ్చిపులుసు పోసుకుంటున్న. మాట్లాడకుంటె బాగుండదని, 2022ల అమెరికాలనే 'బ్రోస్' అని ఇసొంటి ప్రేమకథనే ఒక పెద్ద స్టూడియో తీసిందనీ, 2 కోట్ల 20 లక్షల డాలర్లు పెడితె 1 కోటి 50 లక్షలు సుత రాలేదనీ అన్న. మామ నా రొట్టె మీద ఇంకింత నెయ్యి ఏసిండు. బామ్మర్ది నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది.

"హిందీల 2020 ఫిబ్రవరిల ఆయుష్మాన్ ఖురానా చేసిండు గద బావా, అదెందుకు చెప్పవు?" అన్నడు. చెప్పేటోన్నే, గని అది వచ్చిన నెలకు కరోనాకు టాకీసులన్ని బంద్ అయినయి. లాక్‌డౌన్ అన్న మాటెత్తితె మామకు బీపీ వస్తది.

ఆఖరుకు బామ్మర్ది మమ్ముట్టిని తీసిండు. 2023ల 'కాథల్' అని మలయాళంల తీసిండు, ఎలక్షన్ల నిలబడ్డ పెద్దమనిషి మీద, ఇంకో మొగాయనతోటి సంబంధం ఉన్నదని పెండ్లామే విడాకుల కేసు ఏస్తది, కేరళల మంచిగ నడిచింది అన్నడు.

మామ నమిలేది ఆపిండు. "మమ్ముట్టి అంటె? 'యాత్ర'ల రాజశేఖరరెడ్డి ఏసినాయననేనా?"

"ఆయననే. సొంత పైసలు పెట్టి తీసిండు. కొడుకు కంపెనీ రిలీజ్ చేసింది."

"కొడుకు కంపెనీయా!" అని మామ మా బామ్మర్దిని కాళ్ళ కాడికెళ్ళి నెత్తి దాక ఒకసారి చూసిండు. ఆ రాత్రికి సర్చ అయిపోయింది.

గని పిలగాడు మర్వలే. రెండు మూడు నెలలకు మళ్ళొచ్చి, మన టాకీసుల ఒక్క ఐతారం మార్నింగ్ షో ఇయ్యి నాయినా, దోస్తులం కలిసి అడగాల్సినోళ్ళను అడిగినం, ఒక ఇంగ్లీషు సినిమా వేస్తం అన్నడు. ఎట్లనన్న పొద్దుగాల ఆటకు పిట్ట సుత రాదు. మామ సరే అన్నడు. "కథేంది?"

బామ్మర్ది గుటక మింగిండు. "1963ల... అమెరికాల... ఇద్దరు పిలగాండ్లు పనికి కుదిరి, ఎండాకాలమంత కొండ మీద గొర్లు కాస్తరు నాయినా."

అది ఆ 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్' సినిమానే, చెప్పాల్సింది ఇంక చానా ఉన్నది. గని గొర్లు అన్న మాట పడంగనే మామ మిగిలిన కథ వినుడు బంద్ చేసిండు. బల్మూరుల ఎన్ని మందలు, లింగాలల ఎన్ని, ఉప్పునుంతలల ఎన్ని అని వేళ్ళు మడుస్తుండు. పాలమూరుల గొర్లున్న ఇండ్లన్ని ఒక్క ఆటకొస్తె బాల్కనీ సుత సాలదు!

ఫ్లెక్సీ మామనే దగ్గరుండి వేయించిండు. ముంగట ఒక గొర్రె, ఏనుగంత. హీరోలిద్దరు మూలకు, టోపీలు కనబడేటంత. కింద 'అమెరికా గొర్ల కాపర్ల కథ' అని పసుపుపచ్చ అక్షరాలు. మైకు కట్టిన ఆటో ఊర్లు తిరిగింది. ఆటో పిలగాడు మామ చెప్పింది చెప్పినట్టు చెప్పి ఊకుంటె ఏం కాకపోవు. వాని నోట్ల ఏ మాట ఉన్నదున్నట్టు ఉండదు. అచ్చంపేటల "గొర్ల సినిమా" అని బయలెల్లింది, బల్మూరు చేరేవరకు "గొర్ల పెంపకం సినిమా" అయింది. లింగాలల "గొర్ల స్కీము ముచ్చట" అయింది. ఉప్పునుంతలల ఏమన్నడో ఎవరికీ ఎర్కలే, గని ఆడ జిరాక్సు దుకాణం రాత్రి పది దాక నడిచిందట.

ఆ ఊర్లల్ల గొర్ల స్కీము అంటె మాములు ముచ్చట కాదు. 2017ల సర్కారు 20 గొర్లు, ఒక పొట్టేలు సబ్సిడీ మీద ఇచ్చింది. అటెన్క రెండో ఇడతకు 43,750 రూపాయల డీడీ కట్టి, గొర్రె రాక పైసలు తిరిగి రాక కండ్లు కాయలు కాసినోళ్ళు ఎంతోమంది. అసొంటోనికి పొద్దున్నే మైకుల గొర్లు అని ఇనబడితె ఇంట్ల ఆగుతడా?

ఐతారం పొద్దుగాల టాకీసు ముంగట చూడాలె. గొంగళ్ళు, రుమాళ్ళు, సద్దిమూటలు. కట్టెలు లోపలికి తేవొద్దంటె గేటు పక్కకు కుప్ప పోసిన్రు. ఒక్కొక్కని చేతుల ఆధార్ జిరాక్సు, పాసుఫోటువ. బుకింగ్ కాడ గుమస్త పైసలతోపాటు కాయితాలు సుత తీసుకుంటుండు. ఎందుకు తీసుకుంటున్నవురా అంటె, "ఇస్తున్నరు గద" అన్నడు. బామ్మర్ది దోస్తులు ఆరేడుగురు బట్టసంచులు ఏసుకోని హైదరాబాద్‌కెళ్ళి వచ్చిన్రు. ఆ జనాన్ని చూసి ఒక పిల్లకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి. "ఇసొంటి సినిమాకు ఊర్లల్ల ఇంత ఆదరణా!" అన్నది. బామ్మర్ది నేల చూపులు చూస్తుండు.

బొమ్మ పడ్డది. కొండ కనబడ్డది. కొండ మీదికి గొర్లు పారినయి. ఇగ సూడు ఈలలు! పెద్ద హీరో ఎంట్రీకి సుత ఆ టాకీసుల అన్ని ఈలలు పడంగ నేను ఇనలే. "వెయ్యి ఉంటయి" అని ఒకడు, "యాడి వెయ్యి, ఆ ఎనక గుంపు సూడలేదా" అని ఇంకొకడు. ఒక అవ్వకు గొర్ల కంటె ఉన్ని మీదనే పాణం. "ఎన్ని గొంగళ్ళయితయో" అనుకుంట కూసున్నది.

మాటలు ఇంగ్లీషుల ఉన్నయని ఎవ్వరూ గునగలే. ఆ సినిమాల మాటలే తక్కువ, ఉన్నయి సుత ఒక హీరో పండ్ల సందుననే మింగుతడు. పని మాత్రం అందరికీ సమజైంది. ఇద్దరు జీతగాండ్లు. ఒకడు డేర కాడ వంట, ఇంకొకడు రాత్రిపూట మంద కాడ పండాలె. తిండి రోజూ డబ్బల చిక్కుడుగింజలు. "మనకు నయం, పచ్చడన్న ఉంటది" అన్నరెవరో. సలి, వాన, నిద్ర లేని రాత్రులు. మందలు తోలుకోని కృష్ణ దాటి నెలలకు నెలలు పోయి వచ్చేటోళ్ళు వాళ్ళు. ఆ హీరోల మొకాలు కొత్తగని, బతుకు వాళ్ళదే.

అప్పుడే లోపట సప్పుడు బంద్ అయింది.

మామ గేటు కాడికెళ్ళి లేచిండు. ముప్పై ఏండ్ల అనుభవంల హాల్ల సప్పుడు బంద్ అయిందంటె కరెంటన్న పోవాలె, కొట్లాటన్న మొదలుగావాలె. పర్ద తీసి లోపలికొచ్చిండు. తెర మీద సలి రాత్రి. ఒక్కటే డేర. డేరల ఇద్దరు. మామకు కథ మొత్తం ఒక్క క్షణంల తెలిసిపోయింది. కొడుకు ఏడున్నడో చూసిండు, కొడుకు సీట్ల కిందికి జారిండు. క్యాబిన్ దిక్కు ఉరుకుదామంటె కాళ్ళు కదలలే. ఎనక వరుసల ఒకడు ఈల మొదలుపెట్టి సగంల మింగిండు.

ముంగటి వరుసలకెళ్ళి ఒక తాత లేచి నిలబడ్డడు. తెర దిక్కు చెయ్యి చాపి, హాలంత ఇనబడేటట్టు అడిగిండు:

"ఇద్దరు డేరలనే పండితె మంద కాడ ఎవరున్నరు?"

హాలంత ఉలిక్కిపడ్డది. "అవునే!" "సేటుకు ఏం చెప్తరు?" "ఇయ్యాల ఒకటి పోయిందే, రాసుకో!"

సరిగ్గ తర్వాత సీన్ల తెల్లారింది. పిలగాడు గుర్రమెక్కి మంద కాడికి పోయిండు. గడ్డిల ఒక గొర్రె, పొట్ట చీలి పడున్నది.

టాకీసు పైకప్పు లేచిపోయింది. తాతను చుట్టున్నోళ్ళు లేపి ఎత్తిన్రు. చప్పట్లు, కేకలు. హైదరాబాద్ దోస్తులు సుత లేచి కొట్టిన్రు, వాళ్ళు దేనికి కొట్టిన్రో నేను అడగలే. మామ గోడకు ఆనుకోని మెల్లగ కింద కూసున్నడు.

ఆన్నుంచి డేర ముచ్చట ఎవ్వరికీ పట్టలే. సేటు దుర్బిన్ పెట్టి దూరంకెళ్ళి చూస్తుంటె, "చూసిండు, చూసిండు! జీతం కోస్తడు" అని పిలగాండ్ల కోసం భయపడ్డరు. వేరే మందతోటి గొర్లు కలిసినప్పుడు హాల్ల ప్రతి ఒక్కడు సలహా ఇచ్చిండు. ఆఖరుకు పని అయిపోయి ఇద్దరు ఎవని తొవ్వ వాడు పట్టిన్రు. ఒకడు సందుల గోడ కాడ కూలవడి కడుపు పట్టుకోని వాంతికొచ్చినట్టు చేస్తుంటె తాత అన్నడు, "అంతే. ఎండాకాలమంత ఒక్క కాడ పండినంక, ఇడిసిపోతుంటె కడుపుల దేవుతది." ఇంగ్లీషు సినిమాకు ఇంటర్వెల్ ఉండదు గద, ఆపరేటర్ తనకు మనసైన కాడ వేస్తడు. ఆ మాట ఇనే వేసిండో ఏమో, లైట్లు వెలిగినయి.

మామ జనరేటర్ రూములకు పోయి గొళ్ళెం పెట్టుకున్నడు. తాత ఎతుక్కుంట వచ్చి తలుపు కొట్టిండు. నేను నడుమ నిలబడ్డ. "ఏం లేదు పిలగా, ఆ ఇద్దరు మళ్ళ కలుస్తరా? కలిసేదుంటె కూసుంట, లేకుంటె గొర్లు విడిచే యాళ్ళయింది," అన్నడు. కలుస్తరు తాతా అన్న. పోయి కూసున్నడు.

సెకండాఫ్‌ల అసలు నష్టం జరిగింది. గొర్లు లేవు! పెండ్లిళ్ళయినయి, పిల్లలు పుట్టిన్రు, ఊర్లు మారినయి, గొర్రె ఒక్కటి రాదు. "ఫ్లెక్సీ మీద గంత పెద్దగ ఏసి మోసం చేసిన్రు" అని కొందరు సగం పైసలు వాపస్ అడిగిన్రు. ఆడోళ్ళు మాత్రం కదలలే. పెండ్లాం తలుపు సందుల నుంచి మొగుని చూసిన సీన్ల ఉన్ని అవ్వ నోరు తెరిచింది. "పిలగాని మనసేందో అడగకుంట లగ్గం చేసి, గా పిల్ల గొంతు కోసిన్రు గదనే! ఎవరే పెద్దమనుషులు?" అని పక్కనున్నామెను నిలదీసింది. ఆమె నాకేమెర్క అన్నది.

ఆట విడిచినంక మామ లెక్కలకు కూసున్నడు. హాలు నిండింది. సమోస ఒక్కటి పోలే, అందరు సద్ది తెచ్చుకున్నరు. ముప్పై ఏండ్లల్ల ఇసొంటి లెక్క ఆయన చూడలే. సినిమా ఆడిందనాల్నా, ఆడలేదనాల్నా? రెండు దినాలు ఎవ్వరితోటి మాట్లాడలే.

మూడో దినం హైదరాబాద్‌ల ఒక డిస్ట్రిబ్యూటర్ ఫోన్ చేసిండు. ఇద్దరు హీరోలు ప్రేమించుకునే కథ ఒకటి తెలుగుల అనుకుంటున్నరు, మీ దిక్కు ఎట్లుంటది అని. తిరిగిరాని అడ్వాన్సు ఎంత కడతవు అని సుత అడిగిండు. మామ చానాసేపు ఆలోచించిండు. "హీరోలు ఏం పని చేస్తరు?" అని అడిగిండు.

"సాఫ్ట్‌వేర్."

"అయితె కష్టం," అని పెట్టేసిండు.

బుకింగ్ గుమస్త తీసుకున్న జిరాక్సులు ఇంక టాకీసులనే ఉన్నయి, మండలాలవారీగ సుతిల్‌తోటి కట్టి. ఎవరియి వాళ్ళకు ఇద్దమంటె తీసుకుంటలేరు, మళ్ళ అడిగితె ఏం చేద్దుము అంటున్నరు. మొన్న లింగాలకెళ్ళి ఒకాయన వచ్చి, జాబితాల నా పేరున్నదా సారూ అని అడిగిండు. మామ లింగాల కట్ట ఇప్పి, అద్దాలు పెట్టుకోని, కాయితాలు ఒక్కొక్కటి తిప్పి చూసిండు.

"ఉన్నది," అన్నడు. "గని బాల్కనీల."