సవరణ: పాముకి మైట్లు పడితే ఒక్కసారి నానబెట్టడం సరిపోదు

పెంపుడు పాముల మైట్ల (ఒంటికి పట్టి రక్తం పీల్చే చిన్న పురుగుల) గురించి పెట్టిన పోస్టులో, గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెడితే పోతాయని రాశాను. అది తప్పు. సరీసృపాల పశువైద్య పుస్తకాల ప్రకారం నీళ్లలో కొన్నే చస్తాయి. తల మీదికి పాకినవి, కంటి అంచున, గడ్డం కింది గాడిలో నక్కినవి బతికిపోతాయి. పైగా గుడ్లు ఉండేది పాము మీద కాదు, పెట్టె మూలల్లో, చెక్క పగుళ్లలో. వెచ్చదనం ఉంటే రెండు మూడు వారాల్లో కొత్త తరం సిద్ధం. కాబట్టి కింద పరిచిన పొట్టంతా పారేసి, చెక్క ముక్కలు తీసేసి, పెట్టెను వేడినీళ్లతో కడిగి, తెల్ల పేపర్ టవల్ వేయండి. దాని మీద మిరియాల పొడిలాంటి నల్లచుక్కలు కదులుతున్నంత కాలం చికిత్స ఆపకూడదు. మందు, మోతాదు పశువైద్యులే నిర్ణయించాలి. మైట్లు పోవడానికి పాములకు వాడే ఐవర్‌మెక్టిన్ అనే మందు తాబేళ్లకు ప్రాణాంతకం, రెండూ పెంచేవాళ్లు మరీ జాగ్రత్త.