డీజిల్ మీద తేలుతున్న డెల్టా

యానాం వెళ్లి బండి ట్యాంకు నింపుకురావడం కోనసీమలో కొత్త అలవాటేం కాదు. అది కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి పన్ను తక్కువ, లీటరుకి పది రూపాయలకు పైనే తేడా. ధర పెరిగినప్పుడల్లా ఎదుర్లంక వంతెన మీద బైకులు, ఆటోలు పెరుగుతాయి. ఆదా చేసుకుందామని వెళ్తాం, వెళ్లి రావడానికి మళ్లీ పెట్రోలే కాల్చుకుంటాం. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. రోజుకి ఐదారు వందలు మిగుల్చుకునే ఆటో డ్రైవరుకి ఆ తేడాయే సాయంత్రం కూరగాయల ఖర్చు. కానీ ఒక్క వంతెన దాటి వచ్చినంత మాత్రాన ఈ సమస్య తీరిపోదు, ఏటేటా మనల్ని ఇంకా ఇరుకులోకి నెడుతోంది. అందుకే ఈసారి ధర గురించి కాకుండా మన అవసరం గురించి మాట్లాడుకుందాం.

మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి కొనుక్కునేదే. ప్రపంచం వాడే చమురులో దాదాపు ఐదో వంతు హోర్ముజ్ జలసంధి అనే ఇరుకు దారిలోంచి ఓడల మీద వస్తుంది. అక్కడ టెన్షన్ మొదలైతే అమలాపురం బంకులో మీటరు తిరిగే లెక్క మారిపోతుంది. 1973లో చమురు దేశాలు సరఫరా బిగించి ధరను నాలుగు రెట్లు చేశాయి. 2008 జులైలో పీపా 147 డాలర్లకు చేరింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మళ్లీ 130 డాలర్లు దాటింది. ప్రతిసారీ మనం రోడ్డెక్కి పన్ను తగ్గించమని అడిగాం. అడగాలి కూడా, ఎందుకంటే రాష్ట్రం 31 శాతం వ్యాట్ వేసి, అది చాలదన్నట్టు లీటరుకి నాలుగు రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు కలిపి పెట్రోలు మీద కొన్నేళ్లుగా వసూలు చేస్తూ వచ్చింది, కేంద్రం ఎక్సైజు దానికి వేరే. ఈ భారం తగ్గించమని మా పత్రిక ఇదివరకూ రాసింది, ఇక ముందూ రాస్తుంది. అయితే పన్ను తగ్గించినా మిగిలేది ఒకటి రెండేళ్ల ఊరటే. మళ్లీ ఎక్కడో ఎవరో యుద్ధం మొదలుపెడతారు.

అసలు మన డెల్టాలో డీజిల్ ఎక్కడెక్కడ దూరిపోయిందో ఒక్కసారి చూడండి. సార్వాకి, అంటే ఖరీఫ్ వరికి, దమ్ము చేయాలంటే ట్రాక్టరు, కోతకి మిషను, ధాన్యం రోడ్డెక్కించాలంటే మళ్లీ ట్రాక్టరు, మిల్లు నుంచి లారీ. ఒకప్పుడు కూలీ ఖర్చే రైతుని భయపెట్టేది, ఇప్పుడు కోత మిషను గంట బాడుగ అంతకంటే ఎక్కువ భయపెడుతోంది. వాన పడి చేను వాలిపోతే మిషను నెమ్మదిగా నడుస్తుంది, అంటే గంటలు పెరుగుతాయి, గంటలతో పాటు డీజిలూ పెరుగుతుంది. నష్టం వచ్చిన ఏడాదే ఖర్చు కూడా ఎక్కువ. భూయజమానికి కౌలు కింద మక్తా బస్తాలు ముందే కొలిచి ఇవ్వాల్సిన కౌలు రైతుకి ఇక మిగిలేదేమిటి? 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు పెట్టుబడి పెరిగి గిట్టుబాటు లేదన్నదే మొదటి మాట. ఆ తర్వాత ఇన్నేళ్లలో డీజిల్ ధర ఎంత పెరిగిందో రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

రొయ్యల చెరువుల సంగతి ఇంకా సున్నితం. భీమవరం, ముమ్మిడివరం వైపు ఏ చెరువు గట్టు మీదైనా ఒక రాత్రి మకాంలో పడుకుని చూడండి. నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు అలవాటైపోయి నిద్ర పడుతుంది, చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది. కరెంటు పోయిందన్నమాట. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా పడిపోతుంది, ఎందుకంటే రాత్రంతా నీళ్లలోని నాచు కూడా రొయ్యతో పాటు ఊపిరి పీల్చుకుంటూనే ఉంటుంది, ఎండ లేక ఆక్సిజన్ తయారవ్వదు. టార్చిలైటు వేసుకుని జనరేటర్ దగ్గరికి పరుగెత్తాలి. తాడు లాగినా అది అంటుకోకపోతే, అంటుకున్నా డబ్బాలో డీజిల్ లేకపోతే, కాసేపటికే రొయ్య గట్టు వారకి వచ్చి పైకి తేలడం మొదలవుతుంది. నాలుగు నెలలు మేత పోసి పెంచినదంతా ఒక్క రాత్రి పోతుంది. అందుకే ఆ రైతు రేటు ఎంతున్నా డీజిల్ కొంటాడు, బేరం ఆడే స్థితిలో ఉండడు.

సముద్రంలో చేపల వేటకెళ్లే వాళ్లదీ అదే పరిస్థితి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. తర్వాత కాకినాడ, భైరవపాలెం, అంతర్వేది నుంచి బోటు కదలాలంటే ముందు ట్యాంకు నిండాలి. లీటరుకి తొమ్మిది రూపాయల రాయితీ ఉంది, సంతోషమే. కానీ చేప దగ్గర్లో దొరక్క బోటు ఇంకా లోపలికి పోవాల్సి వస్తే ఆ తొమ్మిది రూపాయలు ఎక్కడ సరిపోతాయి?

ఇదంతా చెబుతుంటే ఒక విషయం మనసుని కెలుకుతోంది. ఈ సీమ అంతా డీజిల్ చుక్క లేకుండా నడిచిన రోజులు మన తాతల కాలం నాటివే, అంత పాతవేం కాదు.

1847లో పని మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర ఈ కాలువల్ని సాగు కోసం మాత్రమే తవ్వించలేదు. పడవలు నడవడానికి కూడా తవ్వించాడు. సరుకు చేరవేతకి రైలు కంటే నీళ్లే చవక అని జీవితాంతం వాదించినవాడు ఆయన. అందుకే మన కాలువల మీద ఆ లాకులు. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల మీద ఇప్పుడు మనం ఫొటోలు దిగుతున్నాం, సినిమాల వాళ్లు పాటలు తీస్తున్నారు. ఆ లాకులు కట్టిన పని వేరు. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపు మూసి, నీళ్లు వదిలి మట్టం సమానం చేసి, ముందు తలుపు తీస్తే పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి మెట్టు దిగినంత తేలిగ్గా దిగిపోయేది. ధాన్యం, కొబ్బరికాయలు, లంక పొగాకు, పెంకులు, పెళ్లివారు, అందరూ అన్నీ పడవల మీదే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవారు. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీద అక్విడక్టు కట్టి నది మీదుగా కాలువనే దాటించారు. కాకినాడలో ఎక్కించిన సరుకు ఏలూరు కాలువ, కృష్ణ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువల మీదుగా మద్రాసు దాకా నీళ్ల మీదే పోయేది.

ఆ కష్టం మళ్లీ రావాలని మేము అనడం లేదు. భుజం కాయలు కాసేలా తాడు లాగిన వాళ్ల జీవితం సుఖమైనదేం కాదు. రోడ్లు, వంతెనలు రావాల్సిందే, వచ్చాయి. కానీ అవి వచ్చాక కాలువని మనం ఏం చేశామో చూడండి. గుర్రపుడెక్క పెంచాం, చెత్త వేశాం, గట్లు ఆక్రమించాం, పూడికతీత పేరుతో బిల్లులు మాత్రం పెట్టాం. లెక్క చూస్తే కడుపు మండుతుంది. ఒక లీటరు ఇంధనంతో ఒక టన్ను సరుకుని రోడ్డు మీద సుమారు 24 కిలోమీటర్లు తీసుకెళ్లగలం, రైలు మీద 85, నీళ్ల మీద 105. ఇది కేంద్ర ప్రభుత్వ జలమార్గాల సంస్థ ఏళ్ల తరబడి చెబుతున్న లెక్క. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువల్ని, గోదావరి, కృష్ణా నదుల్నీ కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కృష్ణలో ముక్త్యాల వైపు కొంత పని జరిగిందే గానీ మన వైపు కాలువల్లో ఒక్క సరుకు పడవ తిరగడం మేమెవ్వరం చూడలేదు.

అన్నీ పడవల మీదకి మార్చమని కాదు. ఆసుపత్రికి పడవలో వెళ్లమని ఎవరూ అనరు. ధాన్యం, కొబ్బరి, ఇసుక, ఇటుక, చేపల మేత, వీటికి అరగంట తొందర లేదు. కాలువ పక్కనే రైసు మిల్లులున్న ఊళ్లు ఎన్ని లేవు? ముందుగా అలాంటి ఒక్క కాలువని, పది పదిహేను కిలోమీటర్ల మేర, లాకులు బాగుచేసి నడిపి చూపించమంటున్నాం. పడవకి డీజిల్ ఇంజనే పెట్టక్కర్లేదు కూడా. కేరళలో వైక్కం దగ్గర 2017 నుంచి ఆదిత్య అనే సౌరవిద్యుత్ పడవ 75 మందిని ఎక్కించుకుని వేంబనాడు సరస్సు దాటిస్తోంది. కొచ్చిలో 2023 నుంచి బ్యాటరీ పడవలతో వాటర్ మెట్రోయే నడుపుతున్నారు. మన సఖినేటిపల్లి, నరసాపురం మధ్య జనాన్ని, బళ్లని దాటించే పంటు మాత్రం పొగ చిమ్ముకుంటూనే గోదావరి పాయ వశిష్ఠ దాటుతోంది, అది ఆగిన రోజు జనం చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోతున్నారు. వైక్కంలో అయింది నరసాపురంలో ఎందుకు కాదు?

రైలు గురించి రాసీ రాసీ మా కలం అరిగిపోయింది, అయినా రాస్తాం. కోటిపల్లి దాకా రైలు 1928లోనే వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకి పట్టుకెళ్లారు, 2004లో మళ్లీ వేశారు. అక్కడి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను, అప్పటి లోక్‌సభ స్పీకరు బాలయోగి గారి పట్టుదలతో 2000-01లో మంజూరైంది. అప్పుడు పుట్టిన పిల్లలు చదువులై ఉద్యోగాల్లో చేరిపోయారు. గౌతమి, వైనతేయ, వశిష్ఠల్లో వంతెన స్తంభాలు లేచాయి, కోనసీమ మాత్రం ఇప్పటికీ రైలు కూత వినలేదు. అంబాజీపేట నుంచి ఉత్తరాదికి పోయే ప్రతి కొబ్బరి లోడూ డీజిల్ లారీలో బయల్దేరుతున్నదంటే కారణం ఇదే. చమురు ధర పెరిగినప్పుడల్లా ఆ కిరాయి కాయ ధరలోంచే కోస్తారు.

మన కాళ్ల కింద గ్యాసుంది కదా అని కొందరు అంటారు. ఉంది. దాని పక్కన బతకడం అంటే ఏమిటో మనకంటే ఎవరికి తెలుసు? 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి బద్దలైతే 65 రోజులు మంట ఆరలేదు, రాత్రిళ్లు చుట్టుపక్కల ఊళ్లకి చీకటే పడలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాసు పైపు పేలి, ఇళ్లలో పడుకున్న ఇరవై మందికి పైగా కాలిపోయారు. ఆ గ్యాసు మన గుండెల మీద నుంచే పోతోంది, సిలిండర్ ధర మాత్రం మనకీ అందరితో సమానమే.

ఇక సముద్రం. చమురు, బొగ్గు, గ్యాసు కాల్చిన పొగతో భూమి వేడెక్కి సముద్రం పెరుగుతుంటే, పైన కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి డెల్టా పల్లమవుతోంది. తీరం చాలాచోట్ల వెనక్కి జరుగుతోందని ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలు పెట్టి ఏనాడో చెప్పారు. ఉప్పాడలో రోడ్డు ఎన్నిసార్లు కోసుకుపోయిందో లెక్క లేదు. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి ఈ సీమలో పెద్దవాళ్లెవరూ మర్చిపోలేదు. కోరంగి మడ అడవులు అడ్డం ఉన్న ఊళ్లకి ఆ అడవి విలువ ఒకరు చెప్పక్కర్లేదు. అంటే డీజిల్‌కి మనం రెండుసార్లు డబ్బు కడుతున్నాం, ఒకసారి బంకులో, ఇంకోసారి తుఫానుకి.

పొలంలో మార్పు తేలిక. నారు, నాట్లు లేకుండా వెదజల్లే పద్ధతి ఇప్పటికే మన రైతులు చాలామంది పాటిస్తున్నారు. దాంతో పాటు తడి-పొడి పద్ధతి పట్టుకుంటే ఇంకా మేలు. చేలో చిల్లులు పెట్టిన గొట్టం ఒకటి పాతి, లోపల నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు దిగాక మళ్లీ తడి పెట్టడం, అంతే. నిలవ నీళ్ల చేలోంచి వచ్చే మీథేన్ దీనివల్ల సగం దాకా తగ్గుతుందని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ చెబుతోంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, శివారు భూముల దాకా నీళ్లు అందడం లేదని ప్రతి ఏడాదీ గొడవలే కదా, ఇక్కడ మిగిలిన నీళ్లు అక్కడికి పోతాయి. కాకపోతే వంతులవారీగా కాలువ నీళ్లు సమయానికి వస్తాయన్న నమ్మకం ఉంటేనే రైతు చేను ఆరబెడతాడు. ఆ నమ్మకం ఇవ్వాల్సింది అధికారులు. ముంపు సంగతికొస్తే, మారుటేరు వరి పరిశోధనా కేంద్రం మనకిచ్చిన స్వర్ణ వరికి ముంపు తట్టుకునే జన్యువు చేర్చి స్వర్ణ సబ్-1 తెచ్చారు, రెండు వారాలు నీళ్లలో మునిగినా బతుకుతుంది. ఆ విత్తనం ఎంతమందికి సకాలంలో అందుతోంది?

కరెంటు విషయంలో ఇంటి కప్పు మీద సోలార్‌కి 2024 నుంచి సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78 వేల రూపాయల రాయితీ ఇస్తున్నారు. పెంకుటిల్లు, అద్దె ఇల్లు ఉన్నవాళ్ల మాటేమిటన్నది మా ప్రశ్న. భీమవరం దగ్గర గొల్లవానితిప్పలో లోసరి కాలువ మీద సోలార్ పలకలు వేసి చూశారు, అలాంటివి పడవలు తిరగని పిల్ల కాలువల మీద ఇంకెన్నో వేయొచ్చు. చెరువులకి మాత్రం పగటి సోలార్ ఒక్కటే చాలదు, ప్రాణం పోయేది రాత్రి కదా. వాటికి ముందు కావాల్సింది రాత్రి పూట కోత లేని ఫీడరు, తర్వాత నాలుగైదు చెరువులకి కలిపి ఒక బ్యాటరీ. జనరేటర్లకి పోసే డీజిల్ ఖర్చుతో పోల్చి చూస్తే ఈ పెట్టుబడి మరీ అంత పెద్దదిగా కనిపించదు.

ఇవన్నీ రేపటికి కావని మాకూ తెలుసు. ఈలోగా కౌలు రైతుకి, బోటు వాళ్లకి, ఆటో వాళ్లకి రాయితీ కొనసాగాల్సిందే, ఉన్నవాళ్ల కార్లకి తగ్గించినట్టే వీళ్లకీ తగ్గించి చేతులు దులుపుకోకూడదు. ఒక పని మాత్రం ఈ వేసవిలోనే మొదలుపెట్టొచ్చు. దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు, జూన్‌లో నీళ్లు వదిలే దాకా అడుగు కనిపిస్తుంది. ఆ రోజుల్లో జలవనరుల శాఖ ఇంజనీర్లు గోదావరి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో ఉన్న లాకులన్నీ దిగి చూసి, ఏ తలుపు పనికొస్తుంది, ఏ వంతెన కింద పడవ దూరుతుంది, ఏ గట్టు ఎవరి ఆక్రమణలో ఉంది అన్నది రాసి ఊరూరా పంచాయతీ గోడ మీద అంటించమని అడుగుతున్నాం. ఆ జాబితా ఇస్తే మా పత్రికలో ఉచితంగా అచ్చువేస్తాం.